కుంకుడు రసం ఇంటి పనికి దిగిన వేళ: నా అనుభవం

రెండేళ్ల క్రితం గిన్నెలు తోమే లిక్విడ్ పడక నా వేళ్ల చివర్లు పగిలిపోయాయి. పచ్చడి కలపాలంటే భయం, నిమ్మకాయ పిండాలంటే భయం. గ్లౌజులు వేసుకున్నా తగ్గలేదు. ఫోన్లో చెప్పుకుంటే అమ్మ, "తలకి పనికొచ్చిన కుంకుళ్లు గిన్నెలకి పనికిరావటే?" అంది. ఆదివారం తలంటుకి తప్ప నేను వాటిని ఎప్పుడూ బయటికి తీసిందే లేదు.

పావుకిలో కాయలు రాయితో కొట్టి గింజలన్నీ ఏరేశాను. నురుగునిచ్చే సపోనిన్ ఉండేది పెచ్చులోనే. ఒకటిన్నర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్న సెగ మీద 20 నిమిషాలు మరిగించాను. గిన్నె సగం ఖాళీగా ఉండాలి, లేకపోతే పాలకంటే వేగంగా పొంగి స్టవ్ అంతా జిగురవుతుంది. చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత పంచె ముక్కలో వడకట్టాను. టీ డికాక్షన్ రంగులో రసం దిగింది.

సీసాలో పోసి సింకు పక్కనే పెట్టుకున్నాను. మూడో రోజుకి పులిసిన వాసన! అంతా పారబోయాల్సి వచ్చింది, చాలా బాధేసింది. ఇందులో నిలవ ఉంచే మందులేవీ ఉండవు కదా. అప్పటినుంచి వారానికి సరిపడా ఫ్రిజ్‌లో పెట్టి, మిగతాది ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తున్నాను. కావలసినప్పుడు రెండు ముక్కలు తీసి కరిగిస్తే చాలు.

గిన్నెల దగ్గర అలవాటు పడటానికి టైం పట్టింది. నురుగు తక్కువ వస్తుంటే ఇంకా ఇంకా పోసేదాన్ని. నురుగు లేకపోయినా జిడ్డు వదులుతుందని వేలితో రాసి చూసుకున్నాకే నమ్మకం కుదిరింది. వేపుడు మూకుడికి మాత్రం వేడినీళ్లు, గుప్పెడు శనగపిండి తోడు కావాలి. ప్లాస్టిక్ డబ్బాలకి పట్టిన పసుపు మరక దీనితో పోలేదు.

నాకు బాగా నచ్చింది పట్టుచీర విషయం. బకెట్ చన్నీళ్లలో అరగ్లాసు రసం కలిపి, ముందు కొంగు చివర తడిపి రంగు దిగడం లేదని చూసుకుని, చీర ముంచి తీశాను. పిండకుండా నీడలో ఆరేశాను. మెరుపు తగ్గలేదు, బట్ట మెత్తగా ఉంది. అదే ధైర్యంతో తెల్ల చొక్కాలు నానబెడితే కాస్త మసకబారాయి. తెల్లబట్టలకి మళ్లీ వాడలేదు. బంగారు గొలుసు గోరువెచ్చటి రసంలో కాసేపు ఉంచి మెత్తటి బ్రష్‌తో రుద్దితే మురికంతా వదిలింది. ముత్యాలు, రాళ్లు పొదిగిన నగలు మాత్రం నేను ముంచను.

మిద్దె మీద వంగ మొక్కలకి పేనుబంక పట్టినప్పుడు లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టాలని చూశాను. నూనె నీళ్లలో కలవక పైకి తేలింది. ముందు నూనెని కుంకుడు రసంతో గిలక్కొట్టి తర్వాత నీళ్లు పోస్తే పాలలా కలిసింది. సాయంత్రం పూట ఆకుల అడుగున కొడతాను.

పిల్లకి తలంటేటప్పుడు మాత్రం ఇప్పటికీ టెన్షనే. కంట్లో పడితే ఆ మంట మామూలుగా ఉండదు. మా చిన్నప్పుడు అమ్మ నోట్లో ఉప్పుకల్లు వేసి ఏడుపు ఆపేది. నేను మగ్గుతో చన్నీళ్లు పక్కనే పెట్టుకుని, కళ్లు వెంటనే కడిగేస్తాను.

నా వేళ్లు నెల తిరిగేసరికి మెత్తబడ్డాయి. మొన్న పెద్ద ఉసిరికాయ పచ్చడి చేత్తోనే కలిపాను. వడకట్టిన పిప్పి కూడా పారేయడం లేదు, బాత్రూం నేల దానితోనే రుద్దుతున్నాను.