అన్నయ్య పడవలో కుళ్లిన పలక

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైన రోజే అన్నయ్య పడవను మంగమారిపేట ఒడ్డు మీదికి లాగాం. ఇంజన్ విప్పే ముందు దాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. అది తగిలించి ఉన్న వెనక పలక సన్నగా కదిలింది. నా గుండె ఝల్లుమంది. దాదాపు 40 కిలోల ఇంజన్‌నూ, అది తోసే బలాన్నంతా మోసేది ఆ పలకే. అన్నయ్యతో పాటు మరో ముగ్గురు ఆ పడవ మీదే వేటకు వెళ్తారు.

పైకి చూస్తే రంగు నిగనిగలాడుతోంది. ఫైబర్ కుళ్లదు కదా, పడవంతా ఫైబరే అనుకుంటాం. కానీ ఇలాంటి పాత పడవల్లో వెనక పలక లోపలా, అడుగున పొడవునా పోయే దూలాల లోపలా ప్లైవుడ్ ఉంటుంది. రెండు ఫైబర్ పొరల మధ్య నీరు చేరిందంటే ఆరే దారి లేదు.

నేను వడ్రంగిని. గోపాలపట్నంలో తలుపులు, కిటికీలు చేస్తాను. చెక్క మోత నా చెవికి తెలుసు. ప్లాస్టిక్ సుత్తి తీసుకుని పలక పై అంచు నుంచి బెత్తెడుకో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వచ్చాను. పైన టక్కుమని గట్టిగా పలికింది. ఇంజన్ బోల్టుల కిందికి వచ్చేసరికి తడిసిన బియ్యం బస్తాను కొట్టినట్టు మోత చచ్చిపోయింది. మోత మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. గుర్తులన్నీ కలిపితే బోల్టు రంధ్రం దగ్గర సన్నగా మొదలై, కిందికి పోయేకొద్దీ చెంబులా ఉబ్బిన ఆకారం తేలింది. లోపలి వైపు నుంచి సన్నని డ్రిల్లు దింపాను. ఎండు చెక్క అయితే లేత రంగు పొట్టు రావాలి. నల్లని తడి ముద్ద వచ్చింది, పుట్టగొడుగుల వాసనతో.

“ఉప్పునీళ్లలో తిరిగే పడవ తమ్ముడూ, తప్పుతుందా?” అన్నాడు అన్నయ్య. తప్పు ఉప్పునీటిది కాదని చెప్పాను. చెక్కను తినేది బూజు లాంటి శిలీంధ్రం. దానికి ఉప్పు అంతగా గిట్టదు, వాననీరైతే హాయి. తుపాను రోజుల్లో పడవ ఒడ్డున ఉన్నప్పుడు అమరం వైపు, అంటే పడవ వెనక భాగంలో, నిలిచిన వాననీరే బోల్టు రంధ్రాల్లోంచి దిగింది.

రెండేళ్ల కిందట ఒక మేస్త్రి ఆ బోల్టుల చుట్టూ, జిగురులా పూస్తే గట్టిపడే మామూలు పాలిస్టర్ రెజిన్‌తో ఫైబర్ అతుకు వేసి వెళ్లాడు. ఇప్పుడు ఉలి మొన పెట్టగానే ఆ అతుకు కాలిన పెనం మీది దోసెలా మొత్తంగా లేచి వచ్చింది. ఆ రెజిన్ చెక్కను గట్టిగా పట్టుకోదు, తడి చెక్కనైతే అసలే పట్టదు. అన్నయ్య అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు అది. తడి లోపలే ఉంచి పైన మూత వేయడం మరమ్మతు అనిపించుకోదు.

బయటి పొరను ముట్టుకోకుండా, లోపలి పొరను అంచులు వదిలి గ్రైండర్‌తో కోశాను. చెక్క చెరుకు పిప్పిలా చేతికి వచ్చేసింది. గట్టిగా కనిపించే చెక్కను కూడా తడి కనబడినంత మేరా తీసేశాను. తర్వాత నాలుగు రోజులు ఎండబెట్టాం, రాత్రిపూట మంచు పడకుండా టార్పాలిన్ కప్పి. కోసిన అంచులను వాలుగా అరగదీశాను. పొర మందం 4 మిల్లీమీటర్లు, వాలు 5 సెంటీమీటర్లు. కొత్త పొర పట్టు దొరకబుచ్చుకునేది ఆ వాలు మీదే.

అట్టముక్కతో కొలత తీసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీటిలో వాడే మెరైన్ రకం, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పలకలు కోసి, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురుతో అతికించాను. నీటిని ఎక్కువగా పీల్చేవి కోసిన అంచులే కాబట్టి వాటికి పల్చని ఎపాక్సీ తాగినంత తాగించాను. పలకను కూర్చోబెట్టడానికి ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, గరిటె తిరగేసినా జారని గట్టి చట్నీలా చేశాను. విశాఖ మే నెల ఎండలో బకెట్ నిండా కలిపితే అది చేతిలోనే వేడెక్కి రాయైపోతుంది. అందుకే తెల్లవారుజామున కొంచెం కొంచెంగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పరిచి వాడాం. మన గాలిలో తేమకు గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. దాన్ని మంచినీళ్లతో రుద్ది కడిగాకే, గాజు పోగులతో నేసిన గుడ్డను ఎపాక్సీతో తడిపి పొర మీద పొర వేసుకుంటూ వచ్చాను.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టింది బోల్టు రంధ్రాల మీద. కావలసిన దానికంటే పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక నడిమధ్యలో మళ్లీ అసలు కొలతకు తొలిచాను. ఇక నీరు దిగినా దానికి తగిలేది ఎపాక్సీయే. చెక్క దాకా పోదు. అడుగున నీళ్లు వదిలే రంధ్రానికీ ఇలాగే చేశాను.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే అన్నయ్య వేటకు వెళ్లాడు. వదినతో పాటు నేనూ ఒడ్డున నిలబడ్డాను. మర్నాడు వాళ్లు తిరిగి వచ్చాక ముందు వలలు దింపనివ్వలేదు, సుత్తి తీసుకుని పలకంతా కొట్టి చూశాను. పై అంచు నుంచి కింది దాకా ఒకటే మోత. మంగమారిపేటలోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ పాత ఫైబర్ పడవలున్నవారు వర్షాలు రాకముందే ఒకసారి పిలవండి. ఆదివారాలు అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. కొట్టి చూడటానికి డబ్బులేమీ అక్కర్లేదు.