నిమ్మకాయలు తొక్కించిన దగ్గర్నుంచి వెయ్యి కిలోమీటర్లు

కారొచ్చి నెలా పది రోజులైంది. ఇన్నాళ్లూ రాయకపోడానికి కారణం ఏంటంటే, వెయ్యి కిలోమీటర్లు తిరగకుండా దాని గురించి రాస్తే దిష్టి అని మా ఆవిడ, వెయ్యి తిరగకుండా నీకు రాయడానికి ఏం తెలుస్తుంది అని మావయ్య. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం నా పెళ్లయ్యాక ఇదే మొదటిసారి కాబట్టి నేనూ నోరు మూసుకున్నా.

వైజాగ్‌లో కొత్త బండి షోరూమ్ నుంచి నేరుగా ఇంటికి రాదు కదా, ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గరికి పోతుంది. మేం వెళ్లేసరికి నా ముందు కొత్త ఆటో, వెనక రెండు బైకులు, వాటి వెనక ఓ గూడ్స్ బండి. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందుకు పోనీండి బాబూ అన్నారు. టెన్షన్‌లో క్లచ్ గబుక్కున వదిలేశా, బండి ఆగిపోయింది, నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. వెనక సీట్లోంచి మావయ్య "ఏట్రా అల్లుడూ అది... ఇదిగో ఇప్పుడే చెప్తన్నాను, వెయ్యి దాకా నలభై దాటావంటే ఊరుకోను" అన్నాడు.

మావయ్య ఆర్టీసీ డ్రైవర్‌గా మద్దిలపాలెం డిపోలో రిటైరయ్యాడు. అంతకు ముందు కుర్రతనంలో ఒక డాక్టరుగారి అంబాసిడర్ తోలేవాడు. ఆ రోజుల్లో కొత్త కారు వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని కాగితం అంటించుకునేవాళ్లట, అంటే కొత్త ఇంజిన్ ఇంకా కుదురుకుంటోంది, ఈ బండి నెమ్మదిగానే పోతుంది, హారన్ కొట్టకుండా పక్కనించి పోండి అని. నన్నూ అంటించమన్నాడు. ఎన్ఏడీ జంక్షన్ రద్దీలో సాయంత్రం ఆరింటికి వెనకున్నవాడు అది చదివి జాలి పడతాడనుకుంటే అంతకన్నా అమాయకత్వం లేదు. నేను అంటించలేదు గానీ స్పీడ్ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది.

అక్కడే తప్పు చేశా. మొదటి ఆదివారం ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లైన్ల రోడ్డు ఎక్కి, ఐదో గేర్ వేసి, సూది యాభై మీద పెట్టి, పక్కనుంచి లారీలు కూడా దాటిపోతుంటే నవ్వుకుంటూ, ఎంత బుద్ధిగా నడుపుతున్నానో అని నన్ను నేనే మెచ్చుకుంటూ వెళ్లి వచ్చా. దాదాపు వంద కిలోమీటర్లు ఒకే దెబ్బకి. ఆ రాత్రి తీరిగ్గా కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే, మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ సేపు ఒకే వేగంతో నడపకండి అని శుభ్రంగా రాసుంది. పైగా యాభైలో ఐదో గేర్ అంటే ఇంజిన్ మూలుగుతూ పోవడమే, అది కూడా మంచిది కాదు.

ఎందుకని కొంచెం తవ్వితే నాకు అర్థమైంది ఇది. సిలిండర్ గోడల మీద ఫ్యాక్టరీలోనే కావాలని సన్న గీతలు గీస్తారు, హోనింగ్ అంటారు, మెలికల ముగ్గులో గీతల్లా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, పిస్టన్ రింగులు వాటి మొనల మీద రాసుకుంటూ గోడకి సరిపోయేలా కుదురుకుంటాయి. ఆ రింగుని గోడకి నొక్కేది దాని స్ప్రింగు బిగువు ఒక్కటే కాదు, పెట్రోల్ మండినప్పుడు పుట్టే గ్యాస్ ప్రెషర్ రింగు వెనక్కి దూరి నొక్కుతుంది. అంటే ఇంజిన్ మీద కాస్త బరువు పడాలి, పడి వదలాలి, మళ్లీ పడాలి. మరీ ముద్దుగా నడిపితే రింగులు సరిగ్గా కూర్చోవు, ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటర్‌లో ఎర్రగీత దాకా లాగితే వేడెక్కి చెడుతుంది. ఇప్పటి ఇంజిన్లు పాతవాటికన్నా చాలా నున్నగా, కొలతకి సరిగ్గా తయారవుతాయి కాబట్టి నలభై, కాగితం అంత అవసరం లేదు గానీ, రన్నింగ్ ఇన్ అనేదే లేదనే కుర్రాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను.

మా అమ్మమ్మ కొత్త రుబ్బురోలు తెస్తే ముందు నూకలు వేసి రుబ్బి పారబోసేది, రాతి పొడి పప్పులో పడకుండా. మావయ్యకి నేను ఇంజిన్ సంగతి చెప్తుంటే ఆయన టక్కున అన్నాడు, "అదే కదరా మరి, ఆ పారబోసే నూకలే మొదటి ఆయిలు". కొత్త ఇంజిన్‌లో రాపిడికి రాలే సన్న పొడి మొదటి ఆయిల్లోకే దిగుతుంది, కాబట్టి దాన్ని తొందరగా పారబోయాలని ఆయన లెక్క. బాగుంది కదా. దీని గొడవ తర్వాత చెప్తా.

ఆ తర్వాత హైవే మానేసి ఊర్లోనే తిప్పా. నా లెక్కలో రన్నింగ్ ఇన్‌కి వైజాగ్‌ని మించిన ఊరు లేదు. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక, జూ దాటి ఎండాడ, మధురవాడ, ఎక్కుడు దిగుడు సిగ్నల్ ఎక్కుడు దిగుడు, కావాలన్నా ఒకే స్పీడ్‌లో పోలేం. మూడువేల ఆర్పీఎమ్ దాటకుండా, మూడో గేర్‌లో ఎక్కి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ మీదే దింపడం. రోజూ ఆఫీసుకి ఇదే. ఆదివారాలు రుషికొండ మీదుగా భీమిలి. పొద్దున్నే అయితే ఆర్కే బీచ్ దగ్గర వాకింగ్ వాళ్ల కోసం బండ్లు ఆపేస్తారు కాబట్టి ఎంవీపీ వైపు నుంచి దిగేవాళ్లం. కొత్త బ్రేకులకి కూడా రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది ప్యాడ్లు డిస్కుకి పూర్తిగా ఆనడానికి, అప్పటిదాకా సడెన్‌గా తొక్కకుండా ముందున్నవాడికి ఎడం ఇచ్చా, ఆ ఎడంలో ఆటో దూరేది, అది వేరే సంగతి.

మొదటి వారం మా ఆవిడ ఒకటే గోల, "ఏవండీ, ఇంత డబ్బు పోసి ఎద్దుల బండి కొన్నారా" అని. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఎగిరిపడటమే. సస్పెన్షన్ కొత్తది కదా, తిరిగితే సర్దుకుంటుంది అని పెద్ద తెలిసినట్టు చెప్పా. తీరా పెట్రోల్ బంకులో గాలి చెక్ చేయిస్తే 42 ఉంది, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద 33 అని ఉంది. స్టాక్‌యార్డులో నెలలు నిలబెడతారని ఎక్కువ కొట్టి పంపిస్తారు, డెలివరీకి ముందు తగ్గించడం మర్చిపోయారు. కొత్త కారు తీసుకున్నవాళ్లు ఇంకేమీ చూడకపోయినా ఇది చూసుకోండి.

ఇంకోటి, మన ఊరి నల్ల దుమ్ము. పొద్దున్నే బానెట్ మీద కాటుకలా ఉంటే పొడి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచా. ఎండలో చూస్తే గుండ్రంగా గీతలు. నీళ్లు పోసి కడగాలి గానీ పొడిగా ముట్టుకోకూడదు. బీచ్ నుంచి వస్తే కింద భాగం కూడా మంచినీళ్లతో కొట్టిస్తున్నా, ఉప్పు గాలి ఇక్కడ గేట్లనే తినేస్తుంది.

1,012 దగ్గర ఫస్ట్ సర్వీస్. అన్నీ చూశారు గానీ ఆయిల్ మార్చలేదు, పుస్తకం ప్రకారం ఇప్పుడు అక్కర్లేదు, ఫిల్టర్ చూసుకుంటుంది అన్నాడు సర్వీస్ అబ్బాయి. మావయ్య నూకల మాట ఎత్తాడు. ఆ అబ్బాయి పాపం రుబ్బురోలే చూసి ఉండడు. ఇంటికొచ్చాక ఈయన నమ్మలేదు, మా వీధి ఏటవాలు కాబట్టి ఆయిల్ లెవెల్ సరిగ్గా తెలీదని చదునుగా ఉన్న చోటు కోసం కారుని ఏయూ గ్రౌండ్ దాకా తీయించి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ లాగి, లుంగీ అంచుకే తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. లెవెల్ ఉంది. రంగు టీ డికాషన్ అంత కూడా తిరగలేదు. చివరికి పదివేల దాకా ఆగకుండా ఐదువేలకి మార్పిద్దాం, డబ్బులు నావి, అని ఒప్పందం.

మొన్న శనివారం అమ్మా, మావయ్యా, మేమిద్దరం సింహాచలం కొండెక్కాం, నలుగురు నిండా ఎక్కడం అదే మొదలు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో పెట్టి, బ్రేక్ అవసరమైన చోటే తొక్కుతూ వస్తున్నా. సగం దిగాక మావయ్య దగ్గర్నుంచి మాట లేదు. అద్దంలో చూస్తే ప్రసాదం పొట్లం ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు.