వెలిసిపోయిన స్టిక్కర్

నిన్న సాయంత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌లో ముంత కింద పప్పు తిన్నాం. తినేశాక డబ్బులిద్దామని ఫోన్ తీస్తే, బండికి అంటించిన క్యూఆర్ స్టిక్కర్ ఎంతకీ స్కాన్ అవదే! ఎండకి, ఉప్పుగాలికి నల్లగళ్లు బూడిదరంగుకి తిరిగిపోయాయి. ఓ మూల నిమ్మరసం మరక. బండి మామ్మ చీర కొంగుతో గట్టిగా తుడిచింది. ఉన్న రంగు కూడా పోయింది. నా జేబులో చూస్తే పది రూపాయల నోటు ఒక్కటే.

"నంబరుకి కొట్టు బాబూ" అంది. కొడితే ఎవరో మగాయన పేరొచ్చింది. ఒక్క అంకె తేడా వచ్చినా డబ్బు ఎవరికో పోతుంది కదా, ఆగిపోయాను. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న మనవడు చెయ్యి తుడుచుకుని వచ్చి, తన ఫోన్‌లో అరవై కొట్టి, తెరమీద కొత్త క్యూఆర్ చూపించాడు. స్కాన్ చేస్తే మొత్తం ముందే పడి ఉంది, నేను పిన్ నొక్కానంతే. కాగితం మీద ఎవడైనా తన స్టిక్కర్ అంటించి పోవచ్చు, దీనికి ఆ భయం లేదు.

మొన్న జగదాంబ దగ్గర బట్టల షాపులో కార్డు తాకిస్తే చాలు, బిల్లు అయిపోయింది. అయిదు వేల దాకా పిన్ కూడా అడగదు. (నాకైతే అదే కొంచెం టెన్షన్.) మామూలు బటన్ ఫోన్ ఉన్నవాళ్లకి 2022 నుంచి యూపీఐ 123పే ఉంది, నెట్ లేకుండా ఫోన్ కాల్‌తోనే కట్టొచ్చు. మామ్మకి అది చెప్పబోతే, "ముందు ఆ స్టిక్కరు మార్చమని వీడికి చెప్పు" అంది.