ఎర్ర లైటు

శనివారం, రాత్రి పదకొండున్నర

పాలు పొంగించి ఆరు రోజులైంది. ఆషాఢం వచ్చేలోపు దిగిపోవాలని అమ్మ పట్టుబట్టింది. దాంతో పెయింట్ వాసన పోకముందే హైదరాబాద్‌లోనే నల్లకుంట నుంచి నిజాంపేటకి వచ్చి పడ్డాం. గ్యాస్ వచ్చింది, పాలబ్బాయి కుదిరాడు. ఇంటర్నెట్ మాత్రం ఈరోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. అప్పటిదాకా ఆఫీసు పనంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే. అదీ బాల్కనీలో, బట్టల స్టాండు పక్కన కుర్చీ వేసుకుని. ఈ ఫ్లాట్‌లో హాలు దాటి లోపలికొస్తే సిగ్నల్ ఒక గీత. వంటింట్లో అదీ లేదు. ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు కుళాయిలన్నీ తిప్పి చూశాను, కిటికీలు తీసి గాలి చూశాను. ఫోన్ తీసి చూడాలని తోచలేదు. మళ్ళీ ఎప్పుడైనా ఇల్లు మారితే (వద్దు దేవుడా) ముందు వంటింట్లో నిలబడి ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తాను, తర్వాతే అద్దె మాట.

పాత ఇంట్లో ఉన్న కనెక్షన్‌నే ఇక్కడికి మార్పించుకుందామని ముందే రిక్వెస్ట్ పెట్టాను. మూడు రోజులు 'ప్రాసెస్‌లో ఉంది' అని మెసేజీలు వచ్చాయి. నాలుగో రోజు 'మీ ఏరియాలో ఫీజిబిలిటీ లేదు' అని, అంటే అక్కడ ఇచ్చే వీల్లేదని తేల్చారు. ఇక్కడి వాచ్‌మన్‌ని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవాడు. "ఈ బిల్డింగ్‌ల రెండే ఉన్నయ్ మేడం, మూడోది రాదు" అన్నాడు, నేను అన్నీ అయ్యాక అడిగితే. సెల్లార్‌లో లిఫ్టు పక్కన గోడకి రెండు డబ్బాలున్నాయి. ఏ డబ్బా ఉంటే ఆ కంపెనీ. మన ఇష్టం అంతవరకే.

ఆ రెండింట్లో ఒకదానికి కట్టాను. వంద ఎంబీపీఎస్, నెలకి 700. మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 826. ఆరు నెలలది ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఫ్రీ. తమ్ముడు మూడు వందల ఎంబీపీఎస్‌ది వేయించుకోమని ఒకటే పోరు. వంద అంటే సెకనుకి వంద మెగాబిట్లు, మనం లెక్కేసుకునే మెగాబైట్లలో పన్నెండున్నరే అని క్లాసు పీకాడు. ఉన్నదే ఇద్దరం. నాకు ఆఫీసు మీటింగులు, అమ్మకి ప్రవచనాలు. పన్నెండున్నర చాలు.

గురువారం సేల్స్ అబ్బాయి వచ్చి హాల్లో కూర్చున్నాడు. ఆధార్‌లో ఇంకా పాత అడ్రసే కాబట్టి వంద రూపాయల స్టాంపు పేపరు మీది రెంటల్ అగ్రిమెంటు ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాత ఓటీపీ. హాల్లో రాదు. నేను బాల్కనీలోకి పరుగు, అమ్మ గుమ్మం దగ్గర కాపలా. ఓటీపీ వచ్చేసరికి అతని యాప్‌లో టైం అయిపోయేది. మూడోసారి నేను అంకెలు అరుస్తుంటే, అమ్మ అందుకుని లోపలికి అరిచింది. సిగ్నల్ లేదనే కదా కనెక్షన్ పెట్టించుకుంటున్నది, ఆ కనెక్షన్ కావాలంటే సిగ్నల్ ఉండాలట!

ఇక ఈరోజు. లైను వేసే అబ్బాయి పదింటికన్నాడు, పన్నెండింటికొచ్చాడు. అతని తప్పూ లేదు. మ్యాప్ అతన్ని వెనక సందులోకి తీసుకెళ్ళింది. టిఫిన్ సెంటర్ ఎదురు సందు, వేపచెట్టు, ఆకుపచ్చ గేటు అని చెబితే ఐదు నిమిషాల్లో వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. భుజాన కేబుల్ చుట్ట, చేతిలో టిఫిన్ డబ్బా అంత పెట్టె. వీధిలో స్తంభం దగ్గర్నుంచి నల్ల కేబుల్ లాగుతుంటే కిందికెళ్ళి చూశాను. ఆ స్తంభం మీద తీగలు తీగలుగా లేవు, గుబురుగా కాకిగూడులా ఉన్నాయి. ఇందులో మాది ఏదో ఎలా తెలుస్తుంది అంటే నవ్వాడు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు కదా, ఆ తర్వాత ఊళ్ళో స్తంభాల మీది కేబుళ్ళు కత్తిరించినప్పుడు వీళ్ళకి నిద్ర లేదట. "ఒక్కటి కలిపి దిగేలోపు ఇంకో గల్లీల కట్ చేస్తుండె" అన్నాడు. ఆ వారం నల్లకుంటలో మాకూ నెట్ లేదు. అప్పుడు కస్టమర్ కేర్ మీద అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట అతనికి చెప్పలేదు.

నల్ల కేబుల్ షాఫ్టులోంచి మూడో అంతస్తుకి వచ్చింది. ఇంట్లోకి మాత్రం తెల్లటి సన్న వైరు. ఆ రెంటినీ అతికించడం ఇవాళ మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. తొడుగు ఒలిచాడు. లోపల గాజు దారం. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, చిన్న కత్తెర లాంటి దాన్లో పెట్టి టక్కున కొన కోశాడు. రెండు కొనల్నీ ఆ పెట్టెలో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, పైన స్క్రీన్ మీద రెండు గొట్టాల్లా పెద్దగా కనిపించాయి. వాటంతటవే జరిగి, ఒకదానికొకటి సరిచూసుకుని, ఓ చిన్న మెరుపుతో అతుక్కున్నాయి. గాజు మొత్తం మందం 125 మైక్రాన్లయితే, వెలుగు నడిచే నడిమి దారి 9 మైక్రాన్లేనట, వెంట్రుకకన్నా చాలా సన్నం. తెగిన గాజు ముక్కల్ని ఒక్కొక్కటీ టేపుకి అంటించి మడిచి జేబులో వేసుకున్నాడు. "కాలికి గుచ్చుకుంటే కనవడదమ్మా, ఇయ్యాల చెప్పులేస్కోని తిరుగుర్రి" అన్నాడు. ఇంట్లో చెప్పులేసుకోవడమేమిటని అమ్మ మొహం చిట్లించింది కానీ వేసుకుంది.

అంతా బాగానే ఉంది. నెట్ ఇచ్చే తెల్ల డబ్బా గోడకి బిగించి స్విచ్ వేశాక, లాస్ (సిగ్నల్ అందట్లేదని) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు టిక్కు టిక్కుమంటోంది. ఆకుపచ్చగా రావాల్సింది రావట్లేదు. వైరులో వెలుగు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూసి "మైనస్ ముప్పై రెండు. ఇరవై ఏడు దాటితే పని చెయ్యదు మేడం" అన్నాడు. అతికించిన చోట మళ్ళీ చూశాడు, బాగానే ఉంది. కిందికెళ్ళి చూసొచ్చాడు, అక్కడా బాగానే ఉంది. నాకు టెన్షన్ మొదలైంది. ఇప్పుడితను 'రేపు వేరే టీం వస్తుంది' అని వెళ్ళిపోతే ఆ రేపు ఎప్పటికి వస్తుందో!

అప్పుడు పెన్నులాంటి టార్చి ఒకటి తీసి వైరు కొనకి తగిలించాడు. లోపలికి ఎర్ర వెలుగు పంపిస్తుందట అది. వైరు వెంబడి చూసుకుంటూ వెళ్ళి వంటింటి అటక దగ్గర ఆగాడు. లైటు ఆర్పమన్నాడు. అటక అంచున, అమ్మమ్మ ఇత్తడి బిందె కింద, వైరులోంచి నిప్పురవ్వలా ఎర్రగా కారుతోంది వెలుగు. వైరు లాగిన పావుగంటకే, హాల్లో నడవడానికి అడ్డంగా ఉందని అమ్మ వాచ్‌మన్ చేత బిందె పైకెక్కించింది. అది వైరుని నిలువునా మడిచేసింది. "తెగలే మేడం. మడత పడ్డది. మడత కాడ లైట్ బయటికి పోతది" అన్నాడు. బిందె జరిపి, వైరుని వెడల్పాటి వంపుతో తిప్పి మళ్ళీ చూస్తే మైనస్ పంతొమ్మిది. ఎర్ర లైటు ఆరింది, పచ్చ లైటు నిలిచింది. అమ్మ ఏమీ ఎరగనట్టు అతనికి మజ్జిగ తెచ్చిచ్చింది.

ఈ కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ కూడా వస్తుంది. అసలు అమ్మకి కావలసింది అదే. నల్లకుంట నంబరు 27తో మొదలయ్యేది. మొదట్లో ఏడంకెలే, తర్వాత ముందొక 2 చేరి ఎనిమిదయ్యాయి. నాన్న అప్లై చేసి నాలుగేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన ఫోను. మొబైల్ నంబరుకైతే 2011 జనవరి 20 నుంచి దేశమంతా కంపెనీ మారినా నంబరు మారని సదుపాయం ఉంది. ల్యాండ్‌లైన్‌కి అది లేదు. ఈ మాట వారం నుంచి రోజుకొకసారి చెబుతున్నాను. రోజూ "అలాగా" అంటుంది.

పాత బటన్ల ఫోన్ బయటికి తీసి డబ్బా వెనక గుచ్చితే డయల్ టోన్ వచ్చింది కానీ, నంబరు నొక్కితే కలవలేదు. అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇలాంటిది ఎప్పుడూ పట్టుకున్నట్టు లేదు. "కింద బొడిపె ఉంటుంది చూడు నాయనా, పీ నుంచి టీ వైపుకి జరుపు" అంది అమ్మ. పల్స్ నుంచి టోన్‌కి, అంటే పాత డయలింగ్ పద్ధతి నుంచి కొత్తదానికి. జరిపాడు, కలిసింది. అతను అమ్మ వంక చూసిన చూపు నాకింకా నవ్వు తెప్పిస్తోంది.

అమ్మ వెంటనే వనస్థలిపురం పిన్నికి ఫోన్ చేసి కొత్త నంబరు రాసుకోమంది. ఒక్కో అంకె మధ్య ఒక్కో కబురు. నంబరు పూర్తయ్యేసరికి ఇరవై నిమిషాలు.

ఏడింటికి వాన, వానతో పాటే కరెంటు పోవడం. జనరేటరు లిఫ్టుకీ హాల్లో ఒక బల్బుకీ మాత్రమే. అమ్మ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని "చచ్చిపోయిందే ఇది" అంది. పాత ఫోన్‌కి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే వచ్చేవి, అందుకే ఊరంతా చీకటైనా మోగేది. గాజు తీగలో కరెంటు రాదు, ఈ డబ్బాకి మన ప్లగ్గే దిక్కు. చెప్పాను. "మరి ముందుకెళ్ళామంటారేమిటి" అంది. ఆ డబ్బాకి సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి కొనాలి. లిస్టులో రాసుకున్నాను.

ఎనిమిదిన్నరకి కరెంటొచ్చింది. నేను అన్నం వడ్డిస్తుంటే హాల్లోంచి అమ్మ మాట వినిపించింది, "రింగవుతోందే." ఎవరికి చేసిందో అనుకున్నా. నల్లకుంట నంబరుకి. అక్కడ ఇల్లు ఖాళీ, మోగాల్సిన ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంది. అయినా ఎక్స్ఛేంజి వాళ్ళకి ఆ సంగతి తెలియదు కదా. పూర్తిగా రింగయ్యేదాకా ఉండి పెట్టేసింది. "ఎవరైనా ఎత్తుంటే హడలిపోయేదాన్ని" అని తనే నవ్వింది.

మంగళవారం ఆ లైను సరెండర్ చేయడానికి వెళ్ళాలి. డిపాజిట్ వెనక్కి రావాలంటే ఒరిజినల్ రసీదు కావాలన్నారు. అది ఏ అట్టపెట్టెలో ఉందో, ఇంకా పద్నాలుగు పెట్టెలు విప్పలేదు. ఇది రాస్తుంటే పక్కగదిలోంచి అమ్మ అడుగుతోంది, నిద్రపోలేదన్నమాట.

"ఏమే, ఆ రసీదు కనపడకపోతే సరెండర్ చెయ్యనివ్వరా?"