బేతేలుకు 30 కిలోమీటర్ల ఇవతల

"నీవు లేచి బేతేలునకు వెళ్లి అక్కడ నివసించి..." ఆదికాండము 35వ అధ్యాయం ఇలా మొదలవుతుంది. 28వ అధ్యాయంలో యాకోబు కలలో చూసిన నిచ్చెన గురించి అందరూ చెబుతారు. 32లో ఆయన దేవునితో చేసిన పెనుగులాట మీద రాత్రి కూటాలే జరుగుతాయి. 35 దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. యాకోబు కథ మొత్తంలో నన్ను నిలదీసే వచనం మాత్రం ఇదే.

దేవుడు ఈ మాట అన్నప్పుడు యాకోబు ఎక్కడున్నాడో చూడండి. షెకెములో. అక్కడి నుంచి బేతేలుకు ఇంచుమించు 30 కిలోమీటర్లు. మామ లాబాను దగ్గర 20 ఏళ్లు చాకిరీ చేసి, భార్యలనూ పిల్లలనూ మందలనూ వెంటబెట్టుకుని వందల కిలోమీటర్లు వచ్చిన మనిషి. యబ్బోకు ఏరు దాటాడు, ఏ అన్నకు భయపడి పారిపోయాడో ఆ అన్నే తన మెడ మీద పడితే ఇద్దరూ ఏడ్చారు, యొర్దాను నది దాటాడు. ఇక మిగిలింది పశువులతో నడిచినా రెండు మూడు రోజుల దారి. అక్కడ ఆగిపోయాడు. ఊరికే ఆగలేదు, ఆ ఊరి పెద్ద హమోరు కుమారులకు నూరు వరహాలిచ్చి పొలం కూడా కొన్నాడు.

బేతేలులో రాయి తలగడగా పడుకున్న రాత్రి ఈయన ఏం అడిగాడు? దేవుడు తోడుండాలి, తినడానికి ఆహారం, కట్టుకోవడానికి బట్ట కావాలి, తండ్రి ఇంటికి క్షేమంగా తిరిగి రావాలి. అంతే. ఇవి ఇస్తే యెహోవా నాకు దేవుడు, ఈ రాయి దేవుని మందిరం, నువ్విచ్చే యావత్తులో పదియవ వంతు నీది అన్నాడు. దేవుడు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు. చేతికర్రతో యొర్దాను దాటినవాణ్ణి రెండు గుంపులుగా చేశాడు, ఆ మాట యాకోబే ప్రార్థనలో ఒప్పుకున్నాడు. పైగా లాబాను ఇంట్లో ఉన్నప్పుడే, "యెక్కడ నాకు మ్రొక్కుబడి చేసితివో ఆ బేతేలు దేవుడను నేనే" అని గుర్తు చేశాడు కూడా. అయినా ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టే అయింది.

యాకోబు భక్తి మానేశాడని మాత్రం అనుకోకండి. షెకెములో బలిపీఠం కట్టాడు. దానికి ఏల్ ఎలోహేయి ఇశ్రాయేలు అని దేవుని పేరే పెట్టాడు. నాకు భయం కలిగించేది ఇదే. బలిపీఠం లేనివాడికి ఏదో తక్కువైందని తెలుస్తుంది. ఉన్నవాడికి తెలియదు. ఆరాధన జరుగుతోంది, పాటలు పాడుతున్నాం, కానుక వేస్తున్నాం, ఇంకేం కావాలి అనిపిస్తుంది. మాట ఇచ్చింది బేతేలులో, పీఠం కట్టుకున్నది మనకు వీలైన చోట. దేవుని కోసం ఏదో ఒకటి చేస్తూ, ఆయనకు ఇచ్చిన ఆ ఒక్క మాటను మాత్రం పక్కన పెట్టేయడం మన విశ్వాసుల ఇళ్లలో ఉన్న రోగం.

ఆ ఆగిన చోటే 34వ అధ్యాయం జరిగింది. యాకోబు కూతురు దీనా బయటికి వెళ్లడమే తప్పు అని ఆడపిల్లలకు బుద్ధి చెప్పే ప్రసంగాలు వింటే నాకు చిరాకేస్తుంది. ఆ పిల్ల మీద బలాత్కారం చేసింది హమోరు కొడుకు. ఆ ఊరి పక్కన గుడారాలు వేసి కాపురం పెట్టింది తండ్రి. ముందు ఆ తండ్రి గురించి చెప్పండి. ఇంటి పెద్ద ఇచ్చిన మాట వాయిదా వేస్తే, దాని బరువు ఆ మాట సంగతే తెలియని పిల్లల మీద పడుతుంది.

ఇంత జరిగాక దేవుడు ఏమన్నాడు? ఇన్నేళ్లు ఏం చేశావని లెక్క అడగలేదు. లేచి వెళ్లు, అక్కడ బలిపీఠం కట్టు అన్నాడు. ఇంకో సంగతి గమనించండి. ఆ వచనంలో విగ్రహాల ఊసే లేదు. యాకోబే ఇంటివాళ్ల వైపు తిరిగి, "మీయొద్దనున్న అన్యదేవతలను పారవేసి, మిమ్మును మీరు శుచిపరచుకొని, మీ వస్త్రములను మార్చుకొనుడి" అన్నాడు. అంటే గుడారాల్లో అవి ఉన్నాయని ఆయనకు తెలుసు. రాహేలు తండ్రి ఇంటినుంచి ఎత్తుకొచ్చిన గృహదేవతల సంగతి లాబాను దారిలో వచ్చి గొడవ చేసినప్పుడే బయటపడాల్సింది. షెకెములో ఉన్నన్నాళ్లూ బలిపీఠం ఒకవైపు, అవి ఒకవైపు, ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయి. బేతేలు పేరు వినగానే మాత్రం ఇక అలా కుదరదని ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. నిబంధన జ్ఞాపకం వస్తే చాలు, ఇంట్లో ఏముండకూడదో మనకే తెలిసిపోతుంది. దానికి పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ఇంటివాళ్లు చెవిపోగులతో సహా తెచ్చి అప్పగిస్తే, ఆయన వాటిని ఆ ఊరి చెట్టు కిందే పాతిపెట్టి బయల్దేరాడు. ఎన్నో ఏళ్ల తర్వాత అదే షెకెములో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ జనాన్ని సమకూర్చి, మీ మధ్యనున్న అన్యదేవతలను తొలగించమని చెప్పి, చెట్టు కింద పెద్ద రాయి నిలబెట్టి నిబంధన చేయించాడు.

మనకు డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంటుంది. పన్నెండు దాటగానే వాగ్దాన కార్డుల కోసం ఎంత తోపులాటో! ఈ ఏడాది దేవుడు నాకేం ఇస్తానన్నాడు అని అందరికీ ఆత్రమే. నువ్వు దేవునికేం ఇస్తానన్నావు అని అడిగే కార్డు ఒక్కటీ ఉండదు. 1755 ఆగస్టు 11న లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ పిలిస్తే దాదాపు 1800 మంది లేచి నిలబడి దేవునితో నిబంధన చేసుకున్నారు. మన మెదక్ ప్రాంతంలో సువార్త పని చేసిన వెస్లియన్ మెథడిస్టులు ఆ పరంపరలోనివారే. కొత్త సంవత్సరంలో నిబంధన ఆరాధన చేసే అలవాటు అటువైపు నుంచి వచ్చిందే. అందులో చేసే ప్రార్థన సారం వింటే ఒళ్లు జలదరిస్తుంది. నేనిక నా సొంతం కాదు, నీవాణ్ణి. నన్ను పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే. ఆ రెండో మాట అనగలమా? పరిచర్య చేస్తాననేవాళ్లు చాలామందే ఉన్నారు. మైకు చేతికివ్వకపోయినా నీవాణ్ణే అనేవాళ్లు తక్కువ.

"మీరు మీ సొత్తు కారు, విలువపెట్టి కొనబడినవారు" అని పౌలు కొరింథీయులకు రాసింది ఇదే. నెలనెలా ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర గిన్నె పట్టుకున్నప్పుడు మన చేతిలో ఉండేది క్రొత్త నిబంధన. ఆయన తన వైపు మాట రక్తంతో చెల్లించేశాడు.

మా అమ్మ అన్నం వండే ముందు కడగని బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న స్టీలు డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేది. నెలాఖరున అడుగంటిన బియ్యం డబ్బాను గ్లాసుతో గీకే రోజున కూడా ముందు ఆ పిడికెడు, తర్వాతే మాకు ఎసరు. "ఈ ఒక్క రోజుకి మానెయ్ అమ్మా" అని నేనంటే, "ఆయన ఈ రోజుకి నన్ను మానేశాడా?" అనేది. ప్రతిష్ఠిత జీవితం అనే మాటకు నాకు మొదట గుర్తొచ్చేది ఆ పిడికిలే. దశమభాగం లెక్కలు, రసీదులు తర్వాత సంగతి.

దీనికి ఎదురుగా ఇంకొకటి చెప్పాలి. మా సంఘంలో ఒక అన్న, బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు ఆస్పత్రి వరండాలో మోకరించి, ఈ బిడ్డ బతికితే ఆదివారం షాపు తెరవనన్నాడు. బిడ్డ బతికింది. కొన్నాళ్లు షాపు మూశాడు. తర్వాత షట్టర్ సగం దించి వ్యాపారం. అడిగితే, ఆరాధనకు వస్తున్నాగా అంటాడు. నిజమే, వస్తున్నాడు. యాకోబు కూడా షెకెములో ఆరాధిస్తూనే ఉన్నాడు. అన్నా, ఇది నిన్ను దెప్పడానికి రాయలేదు. ఆ వరండాలో నీ మొర విన్నవాడు ఇంకా అక్కడే నీకోసం చూస్తున్నాడు.

మాట చెల్లిస్తే కష్టాలు పోతాయని మాత్రం నేను చెప్పను. యాకోబు బేతేలు చేరాక రిబ్కా దాది దెబోరా చనిపోయింది, సింధూర వృక్షం కింద పాతిపెట్టారు. అక్కడి నుంచి బయల్దేరాక దారిలో రాహేలు పోయింది. కానీ ఆ దుఃఖాల మధ్యలోనే దేవుడు మళ్లీ కనబడి ఆశీర్వదించాడు, పెనుగులాట రాత్రి యాకోబుకు పెట్టిన ఇశ్రాయేలు అనే పేరును మళ్లీ స్థిరపరిచాడు. యాకోబు మళ్లీ రాయి నిలబెట్టి నూనె పోశాడు. మొదటిసారి పోసినప్పుడు అన్నకు భయపడి పారిపోతున్న ఒంటరివాడు. ఈసారి వెనుక ఇంటిల్లిపాదీ ఉన్నారు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో 28, 35 అధ్యాయాలు వరుసగా చదవండి. బాప్తిస్మం నాడు నీళ్లలో నిలబడి ఏమన్నారు? ఉద్యోగం లేనప్పుడు, స్కానింగ్ రిపోర్టు కోసం టెన్షన్‌గా ఎదురుచూసినప్పుడు, వీసా ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి ఏమన్నారు? గుర్తొచ్చినదాన్ని భార్య ముందు, భర్త ముందు, పిల్లల ముందు పైకి చెప్పండి. యాకోబు ఇంటివారందరితో చెప్పాకే బయల్దేరాడు. చెల్లించాల్సినది డబ్బయితే ఈ నెల జీతంలోంచే తీసి పెట్టండి. మనిషితో సమాధానపడాల్సి ఉంటే ప్రార్థన అయిన వెంటనే ఫోన్ చేయండి.