35వ అంతస్తులో కార్తీక భోజనం

"జపాన్ దాకా పోయి ఇటలీ తిండి తినుడేందన్నా?" వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే నాతో నడిచే మిత్రులలో టోక్యో ఫొటోలు చూసినవారంతా ముందుగా అడిగిన మాట ఇది. అడగడం న్యాయమే. సుషీ వంటకాల దేశానికి వెళ్లి, అక్కడి ఆకాశహర్మ్యంలో కూర్చొని స్పఘెట్టీ తినడం చూసేవారికి కొంత డాంబికంగానే తోస్తుంది. అయితే ఆ భోజనం వెనక ఒక అవసరం ఉంది, తిన్న తర్వాత నాకు ఏర్పడిన ఒక అభిప్రాయమూ ఉంది. నడకలో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

అవసరం అమ్మది. మేము వెళ్లింది కార్తీక మాసంలో. ఆ నెలంతా అమ్మ నీసు ముట్టదు, గుడ్డు కూడా తినదు. జపాన్‌లో మాంసం మానుకోవడం కష్టం కాదు, చేపను తప్పించుకోవడమే కష్టం. వాళ్ల వంటకు ఆధారం దాషి అనే రసం. కత్సువో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టె అంత గట్టిపడేదాకా ఎండబెట్టి, దాన్ని పలుచని రేకులుగా చెక్కి, కొంబు అనే సముద్రపు నాచు మరిగిన నీళ్లలో వేసి వడగడతారు. మీసో సూప్‌లో అదే, నూడుల్స్ పులుసులో అదే, టెంపురా ముంచుకునే గిన్నెలో అదే, చివరకు ఉడికించిన ఆకుకూర మీద పోసేదీ అదే. కూరగాయల వంటకమని చూసి తెప్పించుకున్నా చేప ఏదో ఒక రూపంలో పళ్లెంలోకి వస్తుంది. బౌద్ధ మఠాల శోజిన్ ర్యోరి పూర్తి శాకాహారమే గానీ అది ప్రతి వీధిలో దొరికేది కాదు. అక్కా బావా ఉండే టోక్యోలోని నిషి కసాయ్‌లో మనవాళ్ల హోటళ్లకు కొదవ లేదు. కానీ హనుమకొండ నుంచి అంత దూరం వెళ్లి ఇడ్లీ సాంబారు తిని రావడం అమ్మకే నచ్చలేదు. ఆలివ్ నూనె, వెల్లుల్లి, టమాటా, గోధుమలతో నడిచే వంట అయితే ఏ పేచీ ఉండదని బావ ఇటాలియన్ రెస్టారెంట్ పేరెత్తాడు.

వారం పది రోజుల ముందే ఫోన్ చేసి బల్ల చెప్పిపెట్టాడు. "గింత అన్నం తినెటందుకు గన్ని రోజుల ముందుగాల చెప్పాల్నా అల్లుడూ?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఎందుకు చెప్పాలో రెస్టారెంట్ వాళ్లే తిరిగి ఫోన్ చేసినప్పుడు అర్థమైంది. చేపల రసం కూడదా, ఆంకోవీ చేప ముక్క సాస్‌లో కరిగి కనబడకపోయినా కూడదా, పాస్తా పిండిలో గుడ్డు ఉంటే ఫరవాలేదా, చీజ్ సంగతేమిటి, ఇలా ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. చీజ్ ప్రశ్న వేసినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కు పాలు గడ్డకట్టించేది దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్. ఆ చీజ్ నియమాల్లోనే అది ఉంది. శాకాహారమనుకొని పాస్తా మీద తురుముకొనేవారిలో ఈ సంగతి తెలిసినవారు మన దగ్గర తక్కువే. గుడ్డు విషయంలో దారి సులువు. తాజాగా కలిపి కోసే పాస్తాల్లో గుడ్డు ఉంటుంది గానీ, ఎండు పాస్తా మామూలుగా డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు మాత్రమే. ఇటలీలో ఎండు పాస్తాకు డ్యూరమ్ గోధుమలే వాడాలని 1967లో చట్టమే చేశారు.

రెస్టారెంట్ ఉన్నది టోక్యో స్టేషన్‌కు పడమటి వైపున, మరునౌచిలో. 1914లో కట్టిన ఎర్ర ఇటుకల స్టేషన్ భవనం నుంచి బయటికి వస్తే ఎదురుగా ఎత్తైన కార్యాలయ భవనాలు, వాటికి ఆవల చక్రవర్తి నివాసపు తోటలు. అక్కడి పెద్ద భవనాలు చాలావాటిలో ఒక అలవాటు ఉంది: మధ్య అంతస్తుల్లో ఆఫీసులు, పైన చివరి ఒకటి రెండు అంతస్తుల్లో వరుసగా భోజనశాలలు. లిఫ్టులో చెవులు గుయ్‌మని మూసుకొని తెరుచుకొనేలోగా 35వ అంతస్తు వచ్చేసింది.

అంత ఎత్తున నిలబడగానే అమ్మకు వచ్చిన మొదటి సందేహం భూకంపం గురించే. 1963లో చట్టం మార్చేదాకా జపాన్‌లో భవనాలు 31 మీటర్లు దాటకూడదనే కట్టుబాటు ఉండేదనీ, 1968లో 36 అంతస్తులతో, 147 మీటర్ల ఎత్తున పూర్తయిన కసుమిగసెకి భవనమే అక్కడి తొలి ఆకాశహర్మ్యమనీ బావ చెప్పాడు. దాన్ని బిగుసుకొని నిలబడేలా కాక, భూమి కదిలినప్పుడు కొంత ఊగి ఆ శక్తిని హరించుకొనేలా కట్టారట. 2011 మార్చి 11 నాటి పెద్ద భూకంపంలో టోక్యోలోని షింజుకు భవనాలు నిమిషాల తరబడి ఊగాయి; ఆ అనుభవం తర్వాత అక్కడి మిత్సుయి భవనం కప్పు మీద 2015లో ఒక్కొక్కటి 300 టన్నుల బరువున్న ఆరు లోలకాలను అమర్చారు. భవనం ఒక వైపు ఒరిగితే అవి ఎదురు ఊగి ఆ ఊపును తగ్గిస్తాయి. "రామప్ప గుడి కింద ఇసుక పోసిండ్రు గద, గసొంటిదేనా?" అని అమ్మ అడిగితే బావ కాసేపు ఆలోచించి తల ఊపాడు. 1213 నాటి ఆ గుడి పునాదిలో ఇసుక నింపిన పద్ధతిని 2021లో యునెస్కో కూడా ప్రస్తావించింది కనుక, అమ్మ ప్రశ్నలో పస ఉంది.

లోపల బల్ల దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు కుర్చీ పక్కన ఒక వెదురు బుట్ట పెట్టారు, చేతిసంచులు నేల మీద పెట్టకుండా. వేడిగా చుట్టిన తడి తువ్వాలు వచ్చింది. అంతవరకు జపాన్. ఆ తర్వాత వచ్చిన రొట్టె, ఆలివ్ నూనె, వరుస పద్ధతి అంతా ఇటలీ: ముందు చిన్న పళ్లెం, తర్వాత పాస్తా, ఆ పైన చేపో మాంసమో, చివర తీపి. మాంసంగా సాధారణంగా వడ్డించే వాగ్యూ గొడ్డుమాంసం మాకు వద్దని బావ ముందే చెప్పాడు కాబట్టి దాని బదులు మాకు చేప.

మొదటి పళ్లెంలో ఒక తెల్లని శల్గం గడ్డ, నాలుగు ముక్కలుగా కోసి కాల్చింది, దాని ఆకులనే నూరి చేసిన పచ్చని పూత మీద కూర్చోబెట్టి ఉంది. "గింతేనా?" అన్నట్టు అమ్మ నా వైపు చూసింది. ఉప్పు, నూనె తప్ప మరేమీ పడని ఆ గడ్డలో అంత తీపి ఉంటుందని నేను అనుకోలేదు.

పాస్తా దగ్గర మాత్రం కాస్త ఆగాలి. వంటగది తెరిచే ఉంది, మా బల్ల నుంచి పొయ్యి కనబడుతుంది. వంట చేసే కుర్రవాడు ఒక పెనంలో నూనె పోసి, వెల్లుల్లి రేకులు, ఎండుమిర్చి వేసి చాలా సన్నని మంట మీద ఉంచాడు. వెల్లుల్లి రంగు మారకముందే ఉడుకుతున్న పాస్తా గిన్నెలోంచి గరిటెడు గంజి తీసి అందులో పోశాడు. పూర్తిగా ఉడకడానికి ఇంకా నిమిషమో రెండు నిమిషాలో ఉందనగా స్పఘెట్టీని పెనంలోకి లాగి, ఆపకుండా కుదుపుతూ మిగిలిన ఉడుకు అక్కడే పూర్తిచేశాడు. గంజిలోని పిండి, నూనె కలిసి చిక్కబడి ప్రతి పోగుకూ పట్టుకున్నాయి. పళ్లెం అడుగున విడిగా తేలిన నూనె చుక్క లేదు. అమ్మ పళ్లెంలో క్యోటో వైపు పండే కుజో ఉల్లికాడలు వేసి, చీజ్‌కు బదులు నూనెలో దోరగా వేయించిన రొట్టె పొడి చల్లారు. అది ఆ పూట కనిపెట్టిన సర్దుబాటు కాదు. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేని ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మా పళ్లేల మీద మాత్రం మల్లెట్ చేప గుడ్ల సంచిని ఉప్పులో ఊరబెట్టి ఎండించి తురిమినది పడింది. సార్దీనియా దీవిలో దాన్ని బొట్టార్గా అంటారు, నాగసాకిలో కరసుమి అంటారు. ఇటలీ వంటకంలో జపాన్ సరుకు వేశారని విమర్శించేవారు ఈ ఒక్క విషయంలో నోరు మూసుకోవలసిందే, ఎందుకంటే వస్తువు ఒక్కటే.

"ఇంకింత ఉడకాలె బిడ్డా" అని అమ్మ తీర్పు చెప్పినా పళ్లెం ఖాళీ చేసింది. నా ఫిర్యాదు మిర్చి గురించి: కారం ఉంది గానీ రంగూ వాసనా లేవు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి, చిక్కని ఎరుపూ తక్కువ కారమూ ఉన్నది, ఆ నూనెలో రెండు పడి ఉంటే వంటకం అందం వేరుగా ఉండేది.

తర్వాత మాకు తాయ్ చేప వచ్చింది, చర్మం కరకరలాడేలా కాల్చినది. బాగుంది, అంతకు మించి చెప్పడానికి లేదు. విశేషం అమ్మ పళ్లెంలో ఉంది. నిప్పుల మీద కాల్చిన మైతాకే, షిటాకే పుట్టగొడుగులు, వాటి కింద పోలెంటా. ఉత్తర ఇటలీ రైతుల తిండి అది, మక్క పిండిని నీళ్లలో కలియబెడుతూ ఉడికించి చేస్తారు. అమ్మ ఒక్క చెంచా నోట్లో పెట్టుకొని, "ఇది మక్క గట్కనే గద!" అన్నది. తర్వాత అక్క వైపు తిరిగి, "ఊళ్లె పోరగాండ్లు గట్క అంటే మూతి తిప్పుతరు, ఈడ ఇన్ని పైసలిచ్చి తింటున్రు" అన్నది. ఆ రోజు ఆమె ఇష్టపడి తిన్నది అదొక్కటే అని నా అనుమానం. చివర మాకు ఉడికించిన చెస్ట్‌నట్ గుజ్జుతో చేసిన తీపి, అమ్మకు జపాన్‌లో కాకి అని పిలిచే పెర్సిమన్ పండు ముక్కలు.

ఇక నా అభిప్రాయం. జపాన్‌లో ఇటలీ వంట ఇలా తీరుగా మొదలు కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఉన్న రోజుల్లో యొకొహామాలోని న్యూ గ్రాండ్ హోటల్‌లో పుట్టిందని చెప్పే నపోలిటన్ అనే స్పఘెట్టీ, ఊరూరా టీ దుకాణాలకు పాకేసరికి టమాటా కెచప్, ఉల్లిగడ్డ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలతో వేయించిన మెత్తని వంటకంగా స్థిరపడింది. నేపుల్స్‌లో ఎవరూ దాన్ని తమదిగా ఒప్పుకోరు. 1980ల చివర, డబ్బు పొంగిపొర్లిన కాలంలో, ఇటలీకి వెళ్లి నేర్చుకొని వచ్చిన వంటవాళ్లు పెరిగారు. ఇటాలియన్ భోజనం యువతకు మోజు అయింది. 1990 ప్రాంతంలో తిరమిసు కోసం దేశమంతా ఎగబడింది. అయినా నపోలిటన్ పోలేదు. నేటికీ దాన్ని ఇష్టంగా తింటారు, రెండింటికీ చోటు ఉంది.

మా హనుమకొండలోనూ పాస్తా దొరుకుతుంది. గరం మసాలా, టమాటా సాస్, క్యాప్సికం వేసి చేస్తారు. ఇది ఇటాలియన్ కాదని మా మేనల్లుడి వంటి పిల్లలు వెక్కిరిస్తారు. మసాలా వేయడం తప్పని నేను అనను. అది మన నపోలిటన్. నాకు అభ్యంతరమల్లా పొద్దున ఉడికించి పెట్టిన పాస్తాను సాయంత్రం దాకా నీళ్లలో నానబెట్టి, ముద్దయ్యాక మసాలాతో కప్పిపుచ్చడం మీద. పక్క బండి మీద అదే ఊరి మనిషి మిర్చి బజ్జీకి నూనె కాగే క్షణం ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో చూస్తున్నాం కదా. శ్రద్ధ లేని ఊరేమీ కాదు మనది. ఆ శ్రద్ధ పరాయి వంట దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సడలుతుందో నాకు అంతుబట్టదు. మరునౌచిలో నేను డబ్బు పెట్టి చూసింది కిటికీలోని నగరం కంటే ఎక్కువగా, తమది కాని వంట మీద వాళ్లు పెట్టిన ఆ శ్రద్ధే.

కిటికీలోంచి చక్రవర్తి తోటల వైపు చూస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 13వ శతాబ్దం చివర వెనిస్ వర్తకుడు మార్కో పోలో మన కాకతీయుల మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణి గురించి, సాలెగూటి దారాలంత సన్నని వస్త్రాల గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. అదే మనిషి తాను ఎన్నడూ అడుగుపెట్టని జపాన్ గురించి, అక్కడి రాజు భవనానికి బంగారు కప్పు ఉందని కూడా రాశాడు. అక్కడ చెట్లు తప్ప నాకు ఏ బంగారమూ కనబడలేదు.

వెళ్లాలనుకొనే మనవాళ్లకు కొన్ని మాటలు. మధ్యాహ్న భోజనం ఒక్కొక్కరికి 7,000 యెన్లు, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జీ. మన డబ్బులో నాలుగున్నర వేల దాకా. రాత్రికి అదే చోట రెండింతలు దాటుతుంది, కనుక పగలే మేలు. టిప్పు ఇవ్వనక్కర లేదు, బల్ల మీద వదిలితే వెంటపడి తిరిగి ఇస్తారు. తాగే నీళ్లు సీసాలో ఇస్తే బిల్లులో పడతాయి, మామూలు నీళ్లు చాలంటే మొగమాటం లేకుండా చెప్పవచ్చు. తినకూడనివి వెళ్లిన తర్వాత చెబితే లాభం లేదు; చేప రసం, గుడ్డు, రెన్నెట్ పేరుపేరునా బుకింగ్‌లోనే రాయాలి. కిటికీ పక్క బల్ల కావాలన్నా అప్పుడే అడగాలి.