ఖమ్మం ఫారాలు, మా నర్సింగ్ క్లాసు

పరిశోధన నైతికత పాఠాన్ని నేను నిర్వచనాలతో మొదలుపెట్టను. ఒడియాలో అచ్చువేసిన కాగితం ఒకటి అందరికీ పంచి, "కింద సంతకం పెట్టండమ్మా" అంటాను. దాదాపు అందరూ పెట్టేస్తారు. ఎందుకు పెట్టారని అడిగితే, "మీరు చెప్పారు కదా మేడమ్" అంటారు.

అప్పుడు ఖమ్మం సంగతి చెబుతాను. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో కలిసి, అక్కడ 10–14 ఏళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. వాళ్లలో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు.

తర్వాత పాత్రలు పంచుతాను: వార్డెన్, పాప, భద్రాచలం దగ్గర ఊళ్లో ఉన్న తల్లి. మొన్న వార్డెన్‌గా చేసిన అమ్మాయికే ఎక్కువ టెన్షన్. "పైనుంచి ఆర్డరొస్తే నేనేం చేయను మేడమ్?" అంది. వార్డెన్‌ను తిట్టడం తేలిక. ఆ సంతకం చాలనుకున్న పైవాళ్ల దాకా మా క్లాసు అమ్మాయిల ప్రశ్న వెళ్లాలి, నాకు కావలసింది అదే.

టీకా మీద మాత్రం అనుమానం నాటను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా అది. టీకా తీసుకున్న వాళ్లలో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయినా తల్లిని అడగకపోవడం తప్పే.

ఈ వారం హోంవర్క్: ఆ టీకా అంగీకార పత్రాన్ని ఏడో తరగతి పాపకు అర్థమయ్యే తెలుగులో రాయాలి. "ఎప్పుడైనా వద్దనొచ్చు" అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.